పేగు పొరకూ ఒక నారుమడి

బియ్యపు గింజంత ముక్కతో హాలండులో సాగిన కొత్త సేద్యం

ఆదివారం బోటి తెచ్చుకున్న ఇంట్లో ఆడవాళ్ళకు ఎంత చాకిరీయో అందరికీ తెలిసిందే. పేగును పుల్లతో తిరగేసి, వేడినీళ్ళు పోసి, ఉప్పూ పసుపూ వేసి రుద్దితే లోపలి నుంచి జిగట పొర ఒకటి ఊడి వస్తుంది. నాలుగు నీళ్ళు మార్చి కడిగి దాన్ని పారబోస్తారు. అలా కాలవలో కొట్టుకుపోయే పొర మేకకే కాదు, మనిషికీ ఉంది. తిన్న అన్నంలోని సారాన్ని రక్తంలోకి పంపేది అదే. కలరా వచ్చినా, పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నా ముందుగా చిక్కులో పడేది అదే.

మనిషి పేగులోని ఆ పొరను ఒంటికి బయట, ప్రయోగశాల గిన్నెలో నెలల తరబడి బతికించి పెంచడం 2011లో సాధ్యమైంది. అంతకు ముందు ఆరోగ్యవంతుడి పేగు పొరను బయటకు తీస్తే నాలుగు రోజులు నిలపడమే గగనంగా ఉండేది. అప్పుడు ఎందుకు నిలవలేదు, తర్వాత ఎలా నిలిచింది, దానివల్ల పల్లెల్లో ఉన్నవారికి ఒరిగేదేమిటి అన్నది తెలుసుకోదగ్గ విషయం.

నాలుగైదు రోజుల పంట

మన చిన్న పేగు పొడవు సుమారు 20 అడుగులు. దాని లోపలి వైపు నున్నగా ఉండదు. తువ్వాలు మీద నూలు పోగులు లేచి ఉన్నట్టు లక్షలాది సన్నని పోగులు లేచి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరుకు మించదు. ఇంటరులో జంతుశాస్త్రం చదివిన వారికి చూషకాలు అనే మాట గుర్తుండే ఉంటుంది. అవే ఇవి. ఈ ముడతలన్నీ విప్పి పరిస్తే ఎంత జాగా అవుతుందో 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. నోటి నుంచి పెద్ద పేగు చివరి దాకా కలిపి సుమారు 32 చదరపు మీటర్లు తేలింది. అంటే మన లెక్కలో 38 గజాల స్థలం. అందులో ముప్పాతిక భాగానికి మించి చిన్న పేగుదే.

ఆ 20 అడుగుల పేగు లోపల పరచిన పొర మందం ఒకే ఒక్క కణం. ఇటుక పక్కన ఇటుక పేర్చినట్టు కణం పక్కన కణం ఉంటుంది. రెండో వరస ఉండదు. అటు జీర్ణమవుతున్న తిండి, పులుపు, పైత్యరసం, కోటానుకోట్ల సూక్ష్మక్రిములు. ఇటు రక్తం. మధ్య గోడ అదొక్కటే. ఇంత రాపిడిలో ఏ కణమూ ఎక్కువ రోజులు నిలవలేదు. అందుకే అవి నాలుగైదు రోజులకే రాలిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. వరి నాలుగు నెలలకు కోతకు వస్తే, ఈ పంట నాలుగైదు రోజులకే కోతకు వచ్చి మళ్ళీ మొలుస్తుంది. ఆ పొర ఇలా ఎడతెగకుండా కొత్తదవుతుందని ఎలుకల మీద పరీక్షలు చేసి కెనడాలోని లెబ్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు 1948లోనే చూపించాడు.

మరి కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చూషకాల మొదళ్ళ మధ్య సన్నని గుంటలు ఉంటాయి. ఆ గుంటల అడుగున విత్తనం వంటి కణాలు కొన్ని ఉంటాయి. శాస్త్రజ్ఞులు వీటిని మూలకణాలు అంటారు. అవి విడిపోయి పిల్లకణాలను పెడుతుంటాయి. పిల్లకణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గుంట నుంచి పైకి ఎక్కుతాయి. దారిలోనే ఎవరి పని వారు నేర్చుకుంటాయి. కొన్ని సారాన్ని పీల్చేవి అవుతాయి, కొన్ని జిగురు కార్చేవి అవుతాయి. చూషకం కొసకు చేరాక రాలిపోతాయి. మూలకణం మాత్రం గుంటలోనే ఉండి, మనిషి బతికినంత కాలం పిల్లలు పెడుతూనే ఉంటుంది.

బయటకు తీస్తే బతకనిది

లోపల ఇంత జోరుగా పెరిగేది బయట ఎందుకు పెరగలేదన్నది ఏళ్ళ తరబడి శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న. పేగు కణానికి ఒక స్వభావం ఉంది. పక్క కణం నుంచి, కింది నేల నుంచి విడదీస్తే అది తనను తానే చంపుకుంటుంది. ఒంటికి ఇది మేలే. రాలిన కణం ఇంకోచోట అంటుకుని పెరగకుండా ఉండాలి గదా. కానీ పెంచాలని చూసేవారికి ఇదే పెద్ద అడ్డంకి అయింది.

ఈ కట్టుబాటు లేనివి కేన్సరు కణాలు. అందుకే ముందుగా గిన్నెల్లో పెరిగినవి అవే. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వారపు కేన్సరు నుంచి తీసిన కణాలు అలా పెరిగాయి. పేగు విషయానికి వస్తే, న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ సంస్థలో 1977లో ఫో అనే శాస్త్రజ్ఞుడు 72 ఏళ్ళ మగమనిషి పెద్ద పేగు కేన్సరు నుంచి ఒక కణాల వంశాన్ని నిలబెట్టాడు. దాని పేరు కాకో-2. సన్నని జల్లెడ వంటి పొర మీద మూడు వారాలు పెంచితే ఈ కణాలు ఒకదాని పక్కన ఒకటి చేరి పేగు గోడలాగే తయారవుతాయి. పైన మందు పోసి కిందికి ఎంత దిగిందో కొలవవచ్చు. మనం మింగే మాత్రల్లోని మందు పేగు దాటి రక్తంలోకి పోతుందా లేదా అన్నది చూడటానికి ప్రపంచమంతటా మందుల కంపెనీలు ఈ కణాలను వాడుతూ వచ్చాయి.

అయితే ఇందులో లోపం ఉంది. అది ఒక్క మనిషి పేగు, అందులోనూ కేన్సరు పట్టిన పేగు. పసిబిడ్డ పేగు ఎలా ఉంటుందో, రోగి పేగులో ఏమి జరుగుతున్నదో దానివల్ల తెలియదు. ఒక్క పొలంలోని తెగులు మొక్కను చూసి జిల్లా పంట అంతటికీ లెక్క చెప్పినట్టే అవుతుంది. ఆరోగ్యవంతుల పేగు, రోగుల పేగు, ఎవరిది వారిది పెంచి చూడగలగాలి. దానికి విత్తనమేదో ముందు తెలియాలి.

విత్తనం దొరికింది

హాలండు దేశంలో, అంటే నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ అనే ఊరు ఉంది. అక్కడి హుబ్రెక్ట్ సంస్థలో హాన్స్ క్లెవర్స్ అనే శాస్త్రజ్ఞుడి బృందం పేగు గుంటల మీద పరిశోధనలు చేస్తున్నది. గుంట అడుగున మూలకణం ఉన్నదని అప్పటికి తెలుసు. అయితే అక్కడ ఉన్న కణాల్లో అది ఏదన్న దానిపై మాత్రం శాస్త్రజ్ఞుల మధ్య తర్జనభర్జనలు సాగుతుండేవి. 2007లో ఆ బృందంలోని నిక్ బార్కర్ దాని మీద ఒక గుర్తు కనిపెట్టాడు. పశువుకు వేసిన ముద్ర వంటిది అది. దాని పేరు ఎల్‌జీఆర్-5. ఆ గుర్తు ఉన్న కణమల్లా పచ్చగా వెలిగేలా ఎలుకలను తయారు చేశారు. ఆ పచ్చ వెలుగుకు కారణమైన పదార్థం సముద్రంలోని జెల్లీచేప నుంచి వచ్చింది. సూక్ష్మదర్శినిలో చూస్తే గుంట అడుగున, పెద్ద కణాల మధ్య ఇరుక్కుని, సన్నగా నిలబడిన కణాలు పచ్చగా మెరిశాయి. వాటి సంతతిని వెంబడిస్తే చూషకం కొస దాకా పోయింది. విత్తనం అదేనని తేలింది.

ఆ తర్వాతి పని తోషిరో సాటో చేతికి వచ్చింది. ఈయన జపాను దేశస్థుడు, పేగు జబ్బుల వైద్యుడు. రోగులను చూసే వైద్యం నుంచి ఉట్రెక్ట్‌కు పరిశోధనకు వచ్చాడు. ఆ విత్తనాన్ని గిన్నెలో మొలిపించాలని పూనుకున్నాడు.

మట్టి, నీరు, ఎరువు

రైతుకు తెలియనిది కాదు. మంచి విత్తనమైనా బండ మీద చల్లితే మొలవదు. మట్టి, తడి, ఎరువు మూడూ కుదరాలి. సాటో చేసింది సరిగ్గా అదే. గుంట అడుగున మూలకణానికి ఏయే ఆసరాలు ఉన్నాయో ఒక్కొక్కటే లెక్క చూసుకుని గిన్నెలో వాటిని అమర్చాడు.

మట్టిగా వాడింది మేట్రిజెల్ అనే పదార్థం. ఎలుక కణితి నుంచి తీస్తారు. పేగు కణాల కింద ఉండే నేలలో ఏ పదార్థాలు ఉంటాయో ఇందులో దాదాపు అవే ఉంటాయి. నెయ్యి చలికి పేరుకుంటుంది, వేడికి కరుగుతుంది. మేట్రిజెల్ తీరు దీనికి తిరకాసు. మంచులో ఉంచినంతసేపూ నీళ్ళలా ఉంటుంది. మనిషి ఒంటి వేడి తగలగానే జున్నులా గట్టిపడుతుంది. చల్లగా ఉండగానే కణాలను అందులో కలిపి, చుక్కలు చుక్కలుగా గిన్నెలో పెట్టి, 37 డిగ్రీల వేడిగల పెట్టెలో ఉంచుతారు. చుక్క పేరుకుంటుంది, కణాలు దాని మధ్య చిక్కుకుని నిలబడతాయి. కింద నేల తగిలింది గనుక చావవు.

ఎరువుగా మూడు మాంసకృత్తులు వేశారు. ఒకటి కణాన్ని పెరగమని చెప్పేది. రెండోది ఆర్-స్పాండిన్. దీన్ని ఎలుకకు ఎక్కిస్తే పేగు పొర విపరీతంగా పెరుగుతుందని 2005లోనే తెలిసింది. మూడోది నాగిన్. చూషకం వైపు నుంచి వచ్చే ‘ఇక పెరుగుదల చాలు’ అన్న సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది.

2009లో ఫలితం వెల్లడైంది. ఒక్కటంటే ఒక్క పచ్చ కణాన్ని పెడితే అది విడిపోయి చిన్న బుడగ అయింది. బుడగకు పక్కల నుంచి మొటిమల్లాంటివి పొడుచుకొచ్చాయి. ప్రతి మొటిమా ఒక గుంటే. దాని అడుగున మళ్ళీ విత్తన కణాలు ఉన్నాయి. పీల్చే కణాలు, జిగురు కణాలు అన్నీ ఎక్కడివి అక్కడ అమరాయి. ఎవరూ పేర్చలేదు. తనకు కావలసిన ఆసరా దొరికితే పేగు పొర తన ఇల్లు తానే కట్టుకుంటుందని దీంతో రుజువైంది. ఈ బుడగలకు ఆర్గనాయిడ్లు అని పేరు. చిట్టి పేగులు అనుకోవచ్చు. అదే ఏడాది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కాల్విన్ కువో బృందం కూడా వేరే పద్ధతిలో ఎలుక పేగును ఎక్కువ కాలం పెంచి చూపించడం విశేషం.

మనిషి పేగు మొరాయించింది

ఎలుక పేగుకు సరిపోయిన ఎరువు మనిషి పేగుకు సరిపోలేదు. నాలుగు రోజులు పెరిగినట్టే పెరిగి వాడిపోయేది. సాటో మరికొన్ని కలిపి చూశాడు. వింట్ అనే మాంసకృత్తు కావలసి వచ్చింది. కణాన్ని చావు వైపు, ముదురు వైపు తోసే రెండు సంకేతాలను ఆపే మందులు కావలసి వచ్చాయి. వాటితోపాటు నికోటినమైడ్ కూడా వేయవలసి వచ్చింది. ఇది బి-3 విటమిను. జొన్నే ఆధారమైన దక్కను పల్లెల్లో ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చి చర్మం నల్లబడి, విరేచనాలతో బాధపడే పేదలకు డాక్టర్లు ఇచ్చింది ఈ విటమినునే. ఇవన్నీ కుదిరాక 2011లో మనిషి చిన్న పేగు, పెద్ద పేగు రెండూ గిన్నెలో నిలదొక్కుకున్నాయి.

ఇప్పుడు ఆ సేద్యం ఇలా సాగుతుంది. కడుపులోకి గొట్టం వేసి చూసేటప్పుడు డాక్టరు పేగు పొరలోంచి బియ్యపు గింజంత ముక్క తుంచుతాడు. దాన్ని చల్లని ఉప్పునీటిలో కడుగుతారు. కణాలను పట్టి ఉంచే సున్నపు అంశను లాగేసే మందులో నానబెట్టి కుదుపుతారు. గుంటలు గుంటలుగా ఊడి వస్తాయి. వాటిని మేట్రిజెల్ చుక్కల్లో నాటుతారు. రెండు మూడు రోజులకోసారి ఎరువు నీళ్ళు మారుస్తారు. వారం పది రోజులకు బుడగలు నిండుగా పెరుగుతాయి. అప్పుడు వాటిని విరిచి, అరటి పిలకలు తీసి వేరే చోట నాటినట్టు, కొత్త చుక్కల్లో నాటుతారు. ఒక్క ముక్క నుంచి ఇలా నెలల తరబడి పిలకలు తీస్తూ పోవచ్చు. వద్దనుకుంటే సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉండే ద్రవ నత్రజనిలో దాచి, ఏళ్ళ తర్వాత తీసి మళ్ళీ మొలిపించవచ్చు.

2011లోనే అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో జేమ్స్ వెల్స్, జేసన్ స్పెన్స్‌ల బృందం ఇంకో దారి చూపింది. ఏ అవయవంగానైనా మారగల మూలకణాలను తీసుకుని, పిండంలో పేగు ఏర్పడే వరసలోనే సంకేతాలు ఇస్తూ, పేగుగా మార్చింది. ఈ పద్ధతికి పేగు ముక్క కోయనవసరం లేదు.

వాము ఆకు చుట్టం

ఈ సేద్యం వల్ల రోగికి నేరుగా మేలు జరిగిన ఉదంతం కూడా హాలండులోనే ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బు తెల్లజాతి పిల్లల్లో ఎక్కువ. పేగు కణాల్లో, ఊపిరితిత్తుల కణాల్లో ఉప్పును బయటకు వదిలే తలుపు ఒకటి ఉంటుంది. ఆ తలుపు పని చేయకపోతే ఉప్పుతోపాటు నీరు రాదు. జిగురు చిక్కబడి ఊపిరితిత్తులు మూసుకుపోతాయి. ఈ పిల్లలను ముద్దాడితే ఒళ్ళు ఉప్పగా తగులుతుంది. తలుపును కదిలించే మందు 2012లో అమెరికాలో అనుమతి పొందింది. దాని ఖరీదు ఏడాదికి రెండు లక్షల డాలర్ల పైమాటే. పైగా ఆ తలుపు పాడయ్యే తీరులు వందల కొద్దీ ఉన్నాయి. ఏ పిల్లవాడికి మందు పని చేస్తుందో, ఎవరికి దండగో తెలిసేది ఎలా?

ఉట్రెక్ట్ వైద్యులు ఆ పిల్లల పేగు చివరి భాగం నుంచి చిన్న ముక్క తుంచి చిట్టి పేగులు పెంచారు. వాటి మీద ఫోర్స్‌కోలిన్ అనే పదార్థం వేశారు. కణానికి తలుపు తెరవమని చెప్పే పదార్థమిది. తలుపు బాగుంటే ఉప్పూ, దాని వెంట నీరూ బుడగ లోపలికి చేరి బుడగ గంటలోపే ఉబ్బుతుంది. తలుపు చెడితే ఉబ్బదు. మందు కూడా కలిపి చూస్తే, ఉబ్బితే ఆ పిల్లవాడికి మందు పని చేస్తుందని లెక్క. ఈ పరీక్షను 2013లో ప్రకటించారు. అరుదైన రకం లోపం ఉండి, మందు ఇవ్వవచ్చో లేదో తేలని కొందరు రోగులకు బుడగ ఉబ్బడం చూసి మందు ఇచ్చారు. ఊపిరి తేలికైంది.

ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. ఫోర్స్‌కోలిన్ వచ్చేది కోలియస్ అనే దుంప మొక్క వేరు నుంచి. పెరట్లో పెంచి బజ్జీలు వేసుకునే వాము ఆకుకు ఇది దగ్గరి చుట్టం. 1970లలో బొంబాయిలో, లక్నోలో పనిచేసిన భారతీయ పరిశోధకులే దీన్ని వేరు నుంచి విడదీశారు.

48 ఏళ్ళు లొంగని క్రిమి

1968లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ అనే ఊళ్ళో ఒక బడి పిల్లలకు ఉన్నట్టుండి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. 1972లో దానికి కారణమైన వైరస్‌ను చూడగలిగారు. ఊరి పేరు మీద నోరోవైరస్ అన్నారు. ప్రపంచంలో అన్ని దేశాల్లోనూ పెద్దా చిన్నా తేడా లేకుండా విరేచనాలు తెచ్చే క్రిముల్లో ఇది ముఖ్యమైనది. చూడగలిగారు గానీ పెంచలేకపోయారు. క్రిమిని పెంచలేకపోతే ఏ మందుకు చస్తుందో, ఏ సబ్బుకు పోతుందో, టీకా ఎలా చేయాలో తెలియదు. కేన్సరు కణాల మీద వేసినా అది పెరగలేదు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, బేలర్ వైద్య కళాశాలలో మేరీ ఎస్టెస్ బృందం మనుషుల నుంచి పెంచిన చిట్టి పేగుల మీద దాన్ని వేసింది. కొన్ని రకాలు వెంటనే పెరిగాయి. మరికొన్ని రకాలకు పైత్యరసం కలిపితే గానీ పెరగలేదు. పేగులో ఉండే పైత్యరసం గిన్నెలో లేకపోవడమే ఇన్నాళ్ళ లోటుల్లో ఒకటని తేలింది. 2016లో ఈ సంగతి ప్రకటించారు. అంటే ఆ బడి పిల్లల జబ్బు తర్వాత 48 ఏళ్ళకు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఒకే విందులో తిన్న వారిలో ఒకరికి జబ్బు చేసి మరొకరికి చేయకపోవడం మనం చూస్తుంటాం. రక్తపు గ్రూపులకు సంబంధించిన కొన్ని చక్కెర పదార్థాలు కొందరి పేగు కణాల మీద ఉంటాయి, కొందరి మీద ఉండవు. అవి లేనివారి పేగును గిన్నెలో పెంచి ఎక్కువగా కనిపించే రకం నోరోవైరస్‌ను వేస్తే అది పెరగలేదు. ఎవరి పేగు వారిదే అనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు కూడా హాలండు శాస్త్రజ్ఞులు చిట్టి పేగుల మీద ఆ వైరస్‌ను వేసి, అది పేగు కణాల్లోనూ పెరుగుతుందని కొద్ది నెలల్లోనే తేల్చారు.

పసిపిల్లల విరేచనాలకు పేరుమోసిన రోటావైరస్ కథ కొంత వేరు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం, జబ్బు పడ్డ పిల్లల పేగు పొర ముక్కల్లోనే దాన్ని కనుగొన్నది. అది కోతి మూత్రపిండాల కణాల మీద పెంచడానికి లొంగింది. అందుకే టీకా సాధ్యమైంది. ఢిల్లీలో ఒక పసికందు నుంచి దొరికిన రకంతో హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారు చేసిన చుక్కల మందు అలా పెంచినదే. 2016లో ప్రభుత్వం రోటా టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. క్రిమిని పెంచగలిగితే టీకా దాకా పోవచ్చనడానికి ఇది మన కళ్ళ ముందున్న ఉదాహరణ.

అడగవలసిన ప్రశ్నలు

గిన్నెలో పెంచిన పేగును మనిషికి అతికించవచ్చా అన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్న. పూర్తి పేగు అయితే ఇంకా కాదు. గిన్నెలో పెరిగేది పొర మాత్రమే. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు, తిండిని ముందుకు తోసే కండ లేదు. పైగా బోటిని తిరగేయక ముందు ఎలా ఉంటుందో అలా, పీల్చే వైపు బుడగ లోపలే దాగి ఉంటుంది. క్రిమిని వేసి చూడాలంటే బుడగను విరిచి, చదునుగా పరచి పెంచవలసి ఉంటుంది. అయితే మొదటి అడుగు పడింది. పెద్ద పేగులో మానని పుండ్లతో బాధపడే ఒక రోగికి, ఆ రోగి పేగులోనే బాగున్న చోటి నుంచి తీసి పెంచిన కణాలను గొట్టం ద్వారా పుండు మీద ఉంచినట్టు 2022 జులైలో టోక్యో వైద్య, దంత విశ్వవిద్యాలయం ప్రకటించింది. ప్రపంచంలో ఇదే మొదటిసారి.

ఇది మన ఆసుపత్రులకు ఎప్పుడు వస్తుందన్నది రెండో ప్రశ్న. ఎరువులు, మేట్రిజెల్ చాలా ఖరీదు. రోజూ కనిపెట్టుకుని ఉండే పనివారు కావాలి. కనుక జిల్లా ఆసుపత్రిలో ఇది రేపో ఎల్లుండో కనిపించే వైద్యం కాదు. కానీ మందులు పరీక్షించే దారిలో మార్పు వస్తున్నది. కొత్త మందుల పరీక్షల్లో జంతువులకు బదులు ఇలాంటి మనిషి కణాల నమూనాలను కూడా వాడుకునేలా మన కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో నిబంధనలు సవరించింది.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. నా పేగు ముక్క తీసుకునే ముందు నన్ను అడుగుతారా? హెన్రియెటా లాక్స్‌ను ఎవరూ అడగలేదు. ఆమె 1951లోనే చనిపోయింది. ఆమె కణాలు మాత్రం దేశదేశాల ప్రయోగశాలలకు చేరాయి. ఆ కణాలతో లాభాలు గడించిన ఒక కంపెనీతో ఆమె వారసులకు రాజీ కుదిరింది 2023లో. చిట్టి పేగుల విషయంలో ఇది మరీ గట్టిగా చూసుకోవలసిన సంగతి. ఎందుకంటే గిన్నెలో ఏళ్ళ తరబడి బతికేది ఆ మనిషి కణమే, అందులో ఉండేది ఆ మనిషి వంశ లక్షణాలే. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, పరిశోధనకు ఏది తీసుకోవాలన్నా ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇష్టం లేదంటే వదిలేయాలి. వద్దన్నందుకు వైద్యం ఆపకూడదు. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమని అడిగే హక్కు చదువురాని వారికీ ఉంది. వేలిముద్ర వేసేముందు అడగడం తప్పు కాదు.

ఈలోగా ఉప్పూ, పంచదారా

హాలండు పిల్లల్లో మూసుకుపోయిన ఆ ఉప్పు తలుపే కలరాలో బార్లా తెరుచుకుంటుంది. కలరా క్రిమి కార్చే విషం పేగు లోపలే పనిచేస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగులో పరీక్షించి చూపించాడు. ఆ విషం తగిలిన కణం తలుపు మూయడం మరిచిపోతుంది. ఉప్పూ నీరూ కుండ చిల్లి పడ్డట్టు కారిపోతాయి.

అయితే పేగు కణానికి ఇంకో తలుపు ఉంది. ఉప్పు, చక్కెర జతగా వస్తేనే ఆ తలుపు లోనికి రానిస్తుంది. వాటి వెంట నీరు వస్తుంది. దీన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. కలరాలో మొదటి తలుపు చెడినా ఈ రెండోది బాగానే పనిచేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించాడు. నూటికి 30 మంది చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపుకు దిగింది. ఓఆర్ఎస్ పొట్లం వెనక ఉన్నది ఈ పేగు కణం తలుపే.

అందుకే కొలత తప్పకూడదు. లీటరు నీళ్ళకు పట్టే పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలిపితే అది మేలు చేయకపోగా పేగులోకి ఇంకా నీరు లాగుతుంది. తియ్యటి పానీయాలు కూడా అంతే. ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఇలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడరాదని ఆదేశించింది కూడా. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలిచి కలపాలి. బిడ్డకు చనుబాలు ఆపకూడదు. కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, మత్తుగా పడుకున్నా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పసికందులకు 6, 10, 14 వారాల వయసులో రోటా చుక్కలు వేయించడం మరవరాదు.

విరేచనాలు పట్టిన రోజుల్లో ఒంటిని నిలబెట్టుకుంటే చాలు. నాలుగైదు రోజుల్లో గుంట అడుగునున్న విత్తన కణాలు పేగు పొరను మళ్ళీ మొలిపిస్తాయి. ఆ పని అవి మనం అడగకపోయినా చేస్తాయి. అందాకా నీళ్ళు తాగించడమే మన వంతు.